మీటరు ముల్లు ఎందుకు పడిపోయింది?

మా మామ డీజిలు జీపు నడుపుతాడు. వేసవి సెలవుల్లో ఒకరోజు దాని ఆర్.పి.ఎం. మీటరు ముల్లు సున్నా కాడ పడిపోయింది. ఇంజను నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పే మీటరు అది. టౌనులో మెకానిక్కు "కొత్తది వెయ్యాలి" అన్నాడు. ఇంట్లో ఉన్నది విత్తనాల డబ్బే. "ముందు మనమే చూద్దాం, లైటు పట్టు పిల్లా" అన్నాడు మామ.

ఈ మీటరుకు మూడు తీగలు ముఖ్యం. ఒకటి, తాళం తిప్పగానే బ్యాటరీ నుంచి 12 వోల్టుల కరెంటు తెచ్చేది. రెండోది, జీపు బాడీకి బిగించే ఎర్తు. మూడోది సిగ్నల్ తీగ. పాత పెట్రోలు కార్లలో అది ఇగ్నిషన్ కాయిల్ నుంచి వస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక్కసారి తిరిగితే రెండు స్పార్కులు. మీటరు వాటిని లెక్కపెడుతుంది. డీజిలు ఇంజనుకు స్పార్కు ఉండదు. అందుకని పాత డీజిలు బండ్లు చాలావాటిలో సిగ్నల్ ఆల్టర్నేటరు నుంచి వస్తుంది.

మామ టెస్టు బల్బు ఒక కొన కరెంటు తీగకు, ఇంకో కొన ఎర్తు తీగకు పెట్టాడు. వెలిగింది! అంటే ఆ రెండూ బాగున్నాయి. ఇక మిగిలింది మూడోది. చూస్తే ఆల్టర్నేటరు కాడ అది ఊడి, పచ్చగా చిలుము పట్టి ఉంది. తప్పు చోట బిగిస్తే ప్రమాదం.

"డబ్ల్యు అక్షరం కాడ పెట్టాలంట, ఏదో చూడు" అన్నాడు. మామకు ఇంగ్లీషు అక్షరాలు రావు. నేను మురికి తుడిచి చదివి చూపించాను. బ్యాటరీ తీగ తీసి, చిలుము గీకి, బిగించాడు. మళ్ళీ బ్యాటరీ తగిలించి స్టార్టు చేస్తే ముల్లు లేచింది!

విత్తనాల డబ్బు మిగిలింది. చెల్లెళ్ళారా, ఏదైనా పనిచెయ్యకపోతే పారెయ్యకముందు తీగ వెంట పోయి చూడండి.