సొమ్మొకడిది, సోకొకడిదా?

2019 ఆగస్టు 11. ఆస్ట్రియాలోని రెడ్‌బుల్ రింగ్. మోటో2 రేసులో దక్షిణాఫ్రికా కుర్రాడు బ్రాడ్ బైండర్ అందరికన్నా ముందు గీత దాటాడు. అతని బండి కేటీఎం. కంపెనీకి అది సొంతగడ్డ కూడా. కానీ ఆ నారింజ రంగు బండిలో బిగించిన ఇంజిన్ మాత్రం ఇంగ్లండుకు చెందిన ట్రయంఫ్‌ది. ఇంకో విచిత్రం ఉంది. సరిగ్గా అదే వారాంతంలో, ఆ సీజను ముగిశాక మోటో2 బండ్లు తయారు చేయడం మానేస్తున్నట్టు కేటీఎం ప్రకటించింది.

సొంతంగా ఇంజిన్లు చేసుకోగల కంపెనీ పక్కవాడి ఇంజిన్ పెట్టుకుని పోటీకి ఎందుకు దిగినట్టు? గెలుస్తూ ఉండగానే ఎందుకు తప్పుకున్నట్టు? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు మోటో2 బండి పుట్టుకలోనే ఉంది.

మోటార్‌సైకిల్ గ్రాండ్‌ప్రిలో ఒకప్పుడు 250 సీసీ తరగతి ఉండేది. దాని చివరి రోజుల్లో అన్నీ టూ స్ట్రోక్ బండ్లే. రోడ్ల మీద టూ స్ట్రోకులు కనుమరుగవుతున్నా ట్రాక్ మీద మాత్రం వాటి మోత ఆగలేదు. మంచి బండి కావాలంటే ఎప్రిలియా లాంటి కంపెనీకి భారీగా అద్దె కట్టుకోవాలి. చిన్న జట్లకు అది తలకు మించిన భారమైంది. 2009తో ఆ తరగతికి తెరపడింది. మరుసటి ఏడాది దాని స్థానంలో మోటో2 వచ్చింది. ఫోర్ స్ట్రోకు, అదీ అందరికీ ఒకటే ఇంజిన్: హోండా సీబీఆర్600ఆర్ఆర్ నుంచి తీసుకున్న 599 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్. సీలు వేసి ఇస్తారు. జట్టు మెకానిక్ దాన్ని విప్పకూడదు. 2019 నుంచి హోండా స్థానంలోకి ట్రయంఫ్ వారి 765 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్ వచ్చింది.

ఇంజిన్ చేతిలో లేనప్పుడు కంపెనీ చేయడానికి మిగిలేదేమిటి? ఫ్రేమ్, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ఆర్మ్, సస్పెన్షన్, బరువు పంపకం. చూడ్డానికి చిన్న పనే అనిపిస్తుంది. బండి మలుపులో ఒరిగినప్పుడు దాని సంగతి తెలుస్తుంది.

నిటారుగా వెళ్లే బండికి గతుకు తగిలితే చక్రం పైకి లేస్తుంది, షాక్ అబ్జార్బరు నొక్కుకుంటుంది. రేసు బండి మలుపులో 60 డిగ్రీల దాకా ఒరుగుతుంది. అప్పుడూ గతుకు కిందినుంచే తంతుంది, కానీ సస్పెన్షన్ కదిలే దిశ పక్కకు తిరిగి ఉంటుంది. ఆ దెబ్బలో చాలా భాగం దానికి అందదు. అందుకే ఫ్రేమే పక్కకు పిసరంత వంగి ఆ దెబ్బను మింగాలి. అలా వంగకపోతే టైరు నేల మీద దడదడలాడి పట్టు వదిలేస్తుంది. బ్రేకు గట్టిగా పట్టినప్పుడు మాత్రం అదే ఫ్రేము ముందు వెనుకలకు బిర్రుగా నిలబడాలి. ఒక దిశలో మెతక, ఇంకో దిశలో గట్టి. ఈ లెక్క కాగితం మీద పూర్తిగా తేలేది కాదు, ట్రాక్ మీద తేల్చుకోవాల్సిందే.

ప్రయోగశాలలో పాటించే నియమం ఒకటుంది: ఒక్కదాన్ని మార్చి, మిగతావన్నీ యథాతథంగా ఉంచితేనే ఏ మార్పు ఏ ఫలితమిచ్చిందో తెలుస్తుంది. మోటో2 సరిగ్గా అలాంటి ప్రయోగశాల. ఇంజిన్ ఒకటే, టైర్ల కంపెనీ ఒకటే. తేడా వస్తే అది ఫ్రేములోనో, సస్పెన్షన్‌లోనో, రైడరులోనో ఉన్నట్టే. జర్మనీలోని బవేరియాలో ఉన్న కాలెక్స్ అనే చిన్న సంస్థ ఈ పనిలోనే ఆరితేరింది. క్లాస్, అలెక్స్ అనే ఇద్దరి పేర్లు కలిపితే వచ్చిన పేరది. 2011 నుంచి 2023 వరకు పదమూడు రైడర్ల టైటిళ్లలో పన్నెండు కాలెక్స్ బండ్లకే దక్కాయి. 2012లో మార్క్ మార్కెజ్ గెలిచిన సూటర్ ఒక్కటే మినహాయింపు.

అలాంటి చోటికి కేటీఎం 2017లో అడుగుపెట్టింది. అందరూ అల్యూమినియం ఫ్రేములు వాడుతుంటే అది తనకు అలవాటైన ఉక్కు గొట్టాల ఫ్రేమునే తెచ్చింది. సస్పెన్షన్ కూడా తమ సోదర సంస్థ డబ్ల్యూపీదే. అదే ఏడాది ఉక్కు ఫ్రేముతోనే అన్నిటికన్నా పై తరగతి అయిన మోటోజీపీలోకీ పూర్తిస్థాయిలో దిగింది. పై తరగతిలో నమ్ముకున్న సూత్రాన్ని కింది తరగతిలో పరీక్షించుకునే వీలు దొరికింది. ఇది మొదటి కారణం.

రెండో కారణం ఇంకా బలమైనది: మనుషులు. రెడ్‌బుల్ రూకీస్ కప్‌లో పిల్లలు కేటీఎం బండ్ల మీదే రేసులు నేర్చుకుంటారు. మోటో2 కన్నా కింది తరగతి అయిన మోటో3లో కేటీఎంకు సొంత ఇంజిన్, సొంత బండి ఉన్నాయి. 2016లో బైండర్ ప్రపంచ విజేత అయింది దానిమీదే. పైన మోటోజీపీ ఉంది. నడుమ మెట్టు మాత్రం ఖాళీ. ఆ మెట్టు లేకపోతే చిన్నప్పటినుంచి పెంచిన కుర్రాణ్ణి ఇంకొకరి గూటికి పంపినట్టే. మోటో2లో ఇంజిన్ అరువుదైనా, రైడరు తమవాడుగానే మిగిలాడు.

మూడో కారణం పేరు. అది ఇంకో కంపెనీ కథలో బాగా కనిపిస్తుంది. 1958 నుంచి 1974 వరకు వరసగా పదిహేడు 500 సీసీ రైడర్ల టైటిళ్లు గెలిచిన ఇటలీ కంపెనీ ఎంవీ అగస్టా, 2019లో మోటో2 ద్వారానే గ్రాండ్‌ప్రికి తిరిగివచ్చింది. మూడు సిలిండర్ల ఇంజిన్లకు తానే పేరుమోసిన ఆ కంపెనీ, ట్రయంఫ్ మూడు సిలిండర్ల ఇంజిన్‌ను మోసుకు తిరిగింది. గెలుపులేవీ లేకుండానే 2022 చివర తప్పుకుంది. పాత కీర్తి కొత్త టైటిళ్లు తెచ్చిపెట్టలేదు.

ఇలాంటి కథలో మన దేశానికీ చిన్న పాత్ర ఉంది. మహీంద్రా 2015లో ప్యూజో మోటోసైకిల్స్‌లో 51 శాతం వాటా తీసుకుంది. 2016లో బ్రనో ట్రాక్ మీద జరిగిన మోటో3 రేసు గెలిచిన జాన్ మెక్‌ఫీ బండి మీద ప్యూజో అని రాసి ఉంది. బండి మాత్రం నిజానికి మహీంద్రాదే.

మరి ఇంజిన్ ఇచ్చినవాడికి ఏం దక్కింది? ట్రయంఫ్‌కు జట్టూ లేదు, రైడరూ లేడు. అయినా ఎవరు గెలిచినా ఇంజిన్ తనదే. 2019లోనే డేటోనా మోటో2 765 అనే పరిమిత సంఖ్య బండిని అమ్మకానికి పెట్టింది. ఓడిపోయే అవకాశమే లేని పోటీదారు అది ఒక్కటే.

కేటీఎం విషయానికొస్తే, 2018లో మిగేల్ ఒలివేరా 9 పాయింట్ల తేడాతో, 2019లో బైండర్ 3 పాయింట్ల తేడాతో టైటిల్ జారవిడుచుకున్నారు. సొంత ఇంజిన్ నడిచే మోటో3, మోటోజీపీల మీదే ఇక దృష్టి అని చెప్పి కంపెనీ వెళ్లిపోయింది. సంవత్సరం తిరక్కుండానే ఫలితం కనబడింది. 2020 ఆగస్టు 9న బ్రనోలో బైండర్ కేటీఎంకు మొట్టమొదటి మోటోజీపీ విజయం తెచ్చాడు. అది అతని మూడో మోటోజీపీ రేసు. రెండు వారాలకే ఒలివేరా మరోటి గెలిచాడు. మోటో2లో చేజారిన టైటిళ్ల లెక్క అక్కడ సరిపోయింది.

సొమ్మొకడిది, సోకొకడిది అని సామెత. కేటీఎం విషయంలో సొమ్మంటే ఇంజినే అనుకుంటే సామెత సరిపోతుంది. ఆ కంపెనీ మాత్రం తన సొమ్ము ఫ్రేము, రైడరు అనుకుంది, వాటిని వెంట తీసుకునే వెళ్లింది.

ట్రాక్ మీద ఒకే బండిలో కలిసిన ఆ రెండు పేర్లూ ఇప్పుడు మనకు దగ్గరలోనే ఉన్నాయి. కేటీఎం 390 డ్యూక్, ట్రయంఫ్ స్పీడ్ 400 రెండూ పుణె దగ్గరి చాకణ్‌లో బజాజ్ కర్మాగారాల్లోనే తయారవుతున్నాయి. ఈసారి మాత్రం ఎవరి బండికి వారి ఇంజినే.