నష్టభయమును లెక్కించుట ఎట్లు?

నష్టభయము లేని వృత్తి లోకమున లేదు. వర్తకునకు ధరల భయము, నేతగానికి నూలు భయము, మెట్ట రైతునకు వాన భయము ఉండనే ఉండును. అయితే భయపడుట వేరు, భయమును లెక్కించుట వేరు. భయపడువాడు దైవముపై భారము వేసి ఊరకుండును. లేదా ఉన్నదంతయు ఒక్క పందెమున ఒడ్డును. లెక్కించువాడు మూడు ప్రశ్నలు వేసికొనును. ఈ ఆపద ఎంత తరచుగా వచ్చును? వచ్చినచో నష్టమెంత? ఆ నష్టమును మనము ఓర్చుకొనగలమా? బీమా సంస్థలును, రైల్వేవారును, ఆనకట్టలు కట్టు ఇంజనీర్లును వేసికొను ప్రశ్నలు ఇవియే. గ్రామ పంచాయతీలు వీనిని ఉపయోగించుకొనుట ఎట్లో డోన్ ప్రాంతపు పరిస్థితులను తీసికొని వివరింపదలచినాము.

సగటును నమ్మరాదు

పూర్వము ద్రోణాచలమని పేరుగాంచిన డోన్ 2022 ఏప్రిల్ నుండి నంద్యాల జిల్లాలో ఉన్నది. అంతకు ముందు కర్నూలు జిల్లాలోనిది. ఉమ్మడి కర్నూలు జిల్లా సాలీనా సగటు వర్షపాతము సుమారు 670 మిల్లీమీటర్లు. కాని వాన ఏటేటా సగటు ప్రకారము కురియదు. 1876-78 నాటి మహాకరవు ఫలితముగా 1871, 1881 జనాభా లెక్కల నడుమ ఈ జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గిపోయినది. 2009లో దేశమంతటను నైరుతి వానలు వెనుకబడినవి. ఆ ఏడే అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ వరదలు కర్నూలు నగరమును ముంచినవి. అనావృష్టి, జలప్రళయము ఒకే ఏట వచ్చినవి. కావున ప్రణాళిక వేయువారు సగటు ఏటిని గాక చెడ్డ ఏటిని దృష్టియందుంచుకొనవలెను. కరవు సీమయని చెరువు కట్టను, అలుగును, తూమును వానకాలమునకు ముందు పరీక్షింపకుండుట తగదు.

బోరుబావి లెక్క

మెట్ట గ్రామములలో కుటుంబములను అప్పులపాలు చేయుచున్న నష్టభయము బోరుబావి. దీనిని ఒక ఉదాహరణతో లెక్కింతము. ఒక గ్రామమున గత మూడేండ్లలో 10 బోర్లు వేయగా 4 బోర్లలో మాత్రమే నీరు నిలిచినదనుకొందము. ఒక్కొక్క దానికి లక్షన్నర రూపాయలు ఖర్చయినదనుకొందము. మొత్తము ఖర్చు 15 లక్షలు, పనికివచ్చినవి 4. అనగా నీరుగల బోరు అసలు ఖరీదు లక్షన్నర కాదు, మూడు లక్షల డెబ్బదియైదు వేలు.

లెక్క ఇంతటితో ముగియదు. ఆ గ్రామమున ఐదుగురు రైతులు తలకు మూడేసి బోర్లు వేసినచో, వారిలో ఒకరికి మూడును వట్టిపోవునని అంచనా. ఆ ఒక్కరికి మిగులునది నాలుగున్నర లక్షల ఋణము. “రెండు పోయినవి, మూడవది తప్పక పడును” అనుట ఆశయే గాని లెక్క కాదు. మొదటి రెండు బోర్లు వట్టిపోయినంత మాత్రమున భూమిలో నీరు పెరుగదు. నలుగురు గెలిచిరని చూచి ఐదవవానిని మరచుట ఎంతయు ప్రమాదము. అరుదుగా వచ్చినను, ఇల్లు కూల్చునట్టి నష్టమును తరచుగా వచ్చు చిన్న నష్టము కంటె బరువుగా తూచవలెను.

మరి రైతు చేయవలసినదేమి? 2003లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ రైతుల ఆధ్వర్యములో భూగర్భజల యాజమాన్య పథకము ఒక మార్గము చూపినది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, కర్నూలుతో సహా ఏడు కరవు జిల్లాలలో ఇది నడచినది. రైతులే వానను కొలిచిరి. బోర్లలో నీటి మట్టమును కొలిచి పుస్తకములలో వ్రాసికొనిరి. రబీకి ముందు అందరును కూడి భూమిలో నీరెంత గలదో, వేయదలచిన పంటలకు ఎంత కావలెనో బేరీజు వేసిరి. ఏ పంట వేయవలెనని ఎవరును శాసింపలేదు. లెక్క తెలిసిన పిమ్మట ఎవరికి వారే నిర్ణయించుకొనిరి.

ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో సుమారు 4,000 లీటర్ల నీరు. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు, వేరుసెనగకు సుమారు 500 మిల్లీమీటర్లు నీరు కావలెను. ఒక ఎకరము వరికి పారు నీరు రెండెకరముల వేరుసెనగను పండించునని ఈ కొలతలే చెప్పుచున్నవి.

పంచుకొను మార్గము

ఒక్కరు మోయలేని నష్టమును పలువురు పంచుకొనుటయే బీమా. వర్షపాతము కొలతను బట్టి రైతునకు పరిహార మిచ్చు ఆలోచనను మైసూరు సంస్థానమునకు చెందిన జె. ఎస్. చక్రవర్తి 1920లో గ్రంథరూపమున వెలువరించెను. అట్టి బీమా 2003లో మహబూబునగరు జిల్లాలో వేరుసెనగ, ఆముదము రైతులకు తొలిసారి అందినది. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనల మేరకు రైతు వంతు ప్రీమియము ఖరీఫ్ ఆహారధాన్యములకు, నూనెగింజలకు బీమా మొత్తములో 2 శాతము, రబీకి 1.5 శాతము, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతము మించరాదు. ఏ పంటకు ఏ బీమా వర్తించునో, గడువెప్పుడో ఏటేటా రైతు సేవా కేంద్రమున విచారించుకొనవలెను.

అయితే ఒక సంగతి సభ్యులు రైతులకు విప్పి చెప్పవలెను. కరవు నష్టమును ఈ బీమా గ్రామము లేక కొన్ని గ్రామముల సగటు దిగుబడిని బట్టి నిర్ణయించును. ఊరంతయు ఎండినచో ఆదుకొనును. ఒక్కని బోరు వట్టిపోయినచో ఆదుకొనదు. కనుక బీమా ఉన్నదను ధైర్యముతో బోరుకు అప్పు చేయరాదు.

ఏమరుపాటును అడ్డుకొనుట

డోన్ జంక్షనులో కర్నూలు, గుంతకల్లు, నంద్యాల మార్గములు కలియును. అచట సిగ్నళ్లును, పట్టాలను మార్చు పరికరములును ఒకదానితో ఒకటి ముడివడి యుండును. దారి సరిగా అమరనిదే సిగ్నలు పడదు. ఎంతటి జాగరూకుడైనను ఏదో ఒకనాడు ఏమరుపాటు చెందుననియు, ఆ పొరపాటు ప్రాణములు తీయరాదనియు ఎరిగి చేసిన ఏర్పాటిది.

వట్టిపోయిన బోరుగుంతకును ఈ నీతియే వర్తించును. పసిబిడ్డ అందులో పడుట అరుదు. పడినచో ఆ నష్టమునకు పరిహారము లేదు. గుంత పూడ్చుటకయ్యెడు ఖర్చు స్వల్పము. “పిల్లలను చూచుకొనుడు” అను హెచ్చరిక చాలదు. సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఆదేశముల ప్రకారము బోరు వేయుటకు 15 దినములు ముందుగా అధికారులకును, సర్పంచునకును తెలుపవలెను. తవ్వునపుడు చుట్టును కంచె వేయవలెను. విడిచిన బోరును మట్టి, ఇసుక, రాళ్లతో అడుగునుండి నేలమట్టము వరకు పూడ్చవలెను. గ్రామములలో దీనిని పర్యవేక్షించు బాధ్యత సర్పంచుపైనను ఉన్నది.

పంచాయతీ పుస్తకము

ప్రతి పంచాయతీయు వానకాలమునకు ముందు గ్రామసభలో ఒక పుస్తకము తెరువవలెనని మా సూచన. ఊరికి గల ఆపదలను వరుసగా వ్రాసి, ప్రతిదానికెదుట ఎంత తరచో, నష్టమెంతో, ఓర్చుకొనగలమో లేదో గుర్తింపవలెను. పిమ్మట నాలుగు మార్గములలో ఏది తగునో నిర్ణయింపవలెను. తప్పించుకొనదగినది తెరచియున్న బోరుగుంత. తగ్గించుకొనదగినది నీటి కొరత. పంచుకొనదగినది పంట నష్టము. ఓర్చుకొనుటకు సిద్ధపడవలసినది పశుగ్రాసపు కరవు. అందులకు మంచి ఏటనే చొప్పవాములు నిలువచేయవలెను. గ్రామమున వేసిన ప్రతి బోరును, నీరు పడినదియు పడనిదియు, అందులో నమోదు చేసినచో మరుసటి రైతు అడుగునపుడు ఊరి లెక్క చూపవచ్చును. ఏ పని ఎవరిదో, ఎప్పటిలోగా చేయవలెనో కూడ వ్రాసి, పంటలు ఇల్లు చేరిన పిమ్మట దానిని తిరిగి సభలో చదువవలెను.

వాన మన చేతిలో లేదు; వానను కొలుచుట మన చేతిలో ఉన్నది. అప్పు చేయబోవు రైతునకు ఆ కొలతను ముందుగా చూపగల సంస్థ ఊరిలో పంచాయతీయే.