రొట్టె బూజు చెప్పిన జన్యు రహస్యం

రొట్టె మీద బూజు దూదిలా కనిపిస్తుంది. నిజానికి అవి సన్నని దారాలు. ఇలా దారాలుగా పెరిగే శిలీంధ్రాలు జన్యు పరిశోధనకు బాగా పనికొచ్చాయి.

నారింజ రంగు రొట్టె బూజు పేరు న్యూరోస్పోరా. మనలో ప్రతి జన్యువుకు సాధారణంగా రెండు ప్రతులుంటాయి, దీనిలో ఒక్కటే. అది చెడితే లోపం వెంటనే బయటపడుతుంది. అమెరికాలో బీడిల్, టాటం దీని మీద ఎక్స్‌రేలు ప్రయోగించి, ఎంజైమ్‌ల తయారీని నడిపేది జన్యువులేనని 1941లో చూపారు. 1958లో నోబెల్ అందుకున్నారు.

ఇంకొకటి ఆస్పర్‌జిల్లస్ నిడ్యులాన్స్. అది తయారుచేసే ఒక విషానికి కావాల్సిన జన్యువులు ఒకేచోట గుంపుగా ఉంటాయని తేలింది. దాని చుట్టం ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్‌లోనూ అంతే. మన పల్లీలు, మొక్కజొన్నల మీద పెరిగి, కాలేయ క్యాన్సర్‌కు కారణమయ్యే అఫ్లాటాక్సిన్‌ను తయారుచేసేది ఇదే. వేయించినా ఆ విషం పూర్తిగా పోదు. బూజు పట్టిన పల్లీలను కడిగి వాడకండి, పారేయండి.