దక్షిణధ్రువయాత్రకు పెట్టె సర్దుట

కాశీరామేశ్వరములకు పోవలసినను, పుట్టినింటికి పోవలసినను, మన యిండ్లలో పెట్టె సర్దు భారము స్త్రీలదే. మఱచిన వస్తువును త్రోవలో కొనుక్కొనవచ్చునను ధైర్యము మనకు ఎప్పుడును ఉండును. అట్టి ధైర్యమునకు తావులేని ప్రయాణ మొకటి నేడు మన స్త్రీలకును అందుబాటులోనికి వచ్చినది. అది అంటార్కిటికా యను మంచుఖండమునకు ఓడయాత్ర. అచ్చట సంత లేదు, సత్రము లేదు, మందులంగడి లేదు. కావున ఆ యాత్రకు ఏమి కొనిపోవలయునో, ఏమి కొనిపోరాదో సోదరీమణులకు తెలుప నెంచితిమి.

ఆ నేల పురుషులకే చెల్లునని లోకము చిరకాలము తలచెను. 1947–48లో ఎడిత్ రోన్, జెన్నీ డార్లింగ్‌టన్ అను అమెరికా స్త్రీలు భర్తలతో కూడి అచ్చట చలికాలము గడపిరి. 1983లో బయలుదేరిన మన దేశపు మూడవ అన్వేషకబృందములో సుదీప్తా సేన్‌గుప్త, అదితి పంత్ గార్లు ఆ ఖండమున అడుగిడిరి. ఇస్రోకు చెందిన మంగళామణిగారు తమ యేబదియాఱవ యేట, 2016–17లో, అచ్చటి భారతి కేంద్రమున ఏడాదికి పైగా నివసించిరి. ఇక మనబోటి యాత్రికులు ధ్రువస్థానమునకు పోరు. అర్జెంటీనా దేశపు దక్షిణపుటంచున నున్న ఉషుయాయా రేవున ఓడ యెక్కి, డ్రేకు జలసంధిని సుమారు రెండు దినములలో దాటి, ఆ ఖండపు ద్వీపకల్పమును చూచివత్తురు. నవంబరు మొదలు మార్చివఱకు అచ్చట వేసవి. ఆ దినములలో తీరమున చలి ఇంచుమించు సున్న డిగ్రీల దగ్గఱ నుండును. చలికంటె గాలియు, గాలికంటె తడియు ఎక్కువ బాధించును.

చిన్న వస్తువును చులకన చేయరాదనుటకు ఆ నేలయందే ఒక కథ కలదు. 1912లో కాప్టెన్ స్కాటు బృందము ధ్రువమునుండి మరలివచ్చుచు, త్రోవలో దాచియుంచిన నూనెడబ్బాలను తెఱచి చూడగా నూనె తఱిగియుండెను. మూతలకు వేసిన తోలుబిళ్లలు చెడి నూనె పోయినది. అంతకుముందే ధ్రువమును చేరిన నార్వేవాడు అముండ్‌సేను తన డబ్బాలను టంకము వేసి మూయించుకొని పోయెను. స్కాటును అతని నలువురు అనుచరులును మరలి రాలేదు. ఆ విపత్తునకు కారణములు పెక్కు గలవు. అయినను వానిలో ఒక తోలుబిళ్ల కూడ చేరినదని పెట్టె సర్దువారు మఱువరాదు.

దుస్తులు

నూలుబట్ట మన యెండలకు ప్రాణము. ఆ చలిలో అదియే శత్రువు. అది చెమటను పీల్చి, తడిసి, ఆఱక, ఒంటివేడిమిని లాగివేయును. కావున ఒంటికి అంటియుండు మొదటి పొర సన్నని ఉన్నిదిగాని పట్టుదిగాని కావలెను. మెరీనో గొఱ్ఱెల ఉన్ని మెత్తన, దుర్వాసన పట్టదు. రెండవపొర దళసరి ఉన్నిచొక్కా. మూడవపొర గాలియు నీరును చొరనీయని పైకోటు, అట్టిదే పైలాగు. ఒక్క లావుపాటి కోటుకంటె ఇట్టి మూడుపొరలు మేలు. మెట్టయెక్కి చెమట పట్టినపుడు ఒకటి విప్పవచ్చును, పడవలో గాలి కొట్టినపుడు మరల తొడుగవచ్చును.

పెక్కు ఓడలవారు పైకోటును ఇత్తురు, మోకాలివఱకు వచ్చు రబ్బరుబూట్లను ఎరువిత్తురు. ఆ సంగతి ముందే వ్రాసి తెలిసికొన్నచో వ్యర్థవ్యయము తప్పును. ఉన్నిమేజోళ్లు మూడు నాలుగు జతలు, చెవులు కప్పు టోపి, మెడపట్టీ, చేతులకు లోపల పలుచని తొడుగులు, పైన దళసరి తొడుగులు కావలెను. తడిసినవాని స్థానమున వేసికొనుటకు చేతొడుగులు రెండవ జత ఉండితీరవలెను. అన్నియు ఒకమాఱు ఇంటనే తొడిగికొని, వంగి, కూర్చుండి, చేతులెత్తి చూడుడు. బిగువైన బట్ట రక్తప్రసారమునకు అడ్డుపడి చలిని పెంచును.

చీర వలదా యని అడుగువారు కలరు. ఓడలోపల వెచ్చగా నుండును. భోజనశాలకు తేలికైన చీర యొకటి చాలును. ఓడనుండి ఒడ్డునకు చేర్చు రబ్బరుపడవ ఎక్కునపుడు మాత్రము చీర పనికిరాదు. కొంగును కుచ్చెళ్లును తడియును, కాళ్లకు అడ్డుపడును. ఆ పడవలో ఎక్కుచు దిగుచు నావికుని ముంజేతిని మనము, మన ముంజేతిని నావికుడు పట్టుకొనవలెను. రెండుచేతులును ఖాళీగా నుండవలెను గనుక చేతిసంచి కూడదు. నీరుచొరని వీపుసంచి తగినది. జడను టోపిలో దోపుకొనుడు.

మందులును ఇతర వస్తువులును

నిత్యము వాడు మందులను అవసరమునకు రెట్టింపు తీసికొని, రెండు సంచులలో వేఱువేఱుగ నుంచవలెను. ఒకటి పోయినను రెండవది దక్కును. డ్రేకు జలసంధిలో అలలు ఉగ్రములు. ఓడవాంతికి మందును ముందుగానే వైద్యు నడిగి, ఓడ ఊగుటకు ముందే మ్రింగవలెను. పుప్పిపన్ను ఉన్నచో బయలుదేరకముందే చూపించుకొనుడు. ఓడలో వైద్యుడున్నను పెద్ద ఆసుపత్రి రెండుదినముల దూరమున నుండును. అందువలననే ఆపత్సమయమున రోగిని తరలించుటకు తగిన భీమాను ఓడలవారు కోరుదురు. ఋతుకాలమునకు వలసినవి లెక్కకు మించి పెట్టుకొనుడు. ఎక్కువ కండ్లజోడు, నల్లకండ్లజోడు, ముఖమునకును పెదవులకును పూత తప్పనిసరి. మంచుపైని యెండ క్రిందినుండియు మీదినుండియు కాల్చును. చలికి కెమెరా బ్యాటరీల శక్తి త్వరగా తగ్గును గనుక వానిని లోపలి జేబులో ఒంటివేడిలో నుంచుడు.

కొనిపోరానివి

ఇంతవఱకు చెప్పినది మన క్షేమమునకు. ఇక చెప్పబోవునది ఆ నేల క్షేమమునకు. ఆ ఖండమున సహజముగా పుట్టిన పూలమొక్కలు రెండే. 2007–08లో శాస్త్రజ్ఞులు అచ్చటికి పోవువారి బట్టలను సంచులను శోధింపగా, విత్తనములు మోసికొనివచ్చినవారివద్ద తలకు సగటున 9.5 విత్తనములు దొరకెను. మనుష్యుల వెంట వచ్చిన ఒక పరాయిగడ్డి పోలండువారి ఆర్క్‌టోస్కీ కేంద్రము చుట్టును ఇప్పటికే వేరూనినది. దానిని పెఱికివేయుటకు ఎంతయో శ్రమపడవలసివచ్చినది. 1991లో మాడ్రిడ్‌నందు ఒడంబడిక చేసికొన్న దేశములు అనుమతి లేక పరాయి జీవమును తెచ్చుట నిషేధించినవి.

కావున బియ్యములో ఱాళ్లేరు కన్నుతో మీ పెట్టెను ఏరుడు. జేబులను బయటికి త్రిప్పి దులుపుడు. లాగు అంచుమడతలను, సంచి మూలలను, బూటు అడుగు గాళ్లను, గరుకుగా అంటుకొను వెల్క్రో పట్టీలను బ్రష్షుతో తోమి, చిక్కినదానిని సూదితో తీయుడు. వాడిన మల్లెదండ, పసుపుకుంకాల పొట్లమున చిక్కిన అక్షత, ఆవగింజ, ఏదియు ఆ సంచిలో మిగులరాదు. ఒడ్డునకు తినుబండారములు కొనిపోరాదు. ఓడలో మరల పరీక్ష జరుగును. దిగుటకు ముందును వచ్చిన పిమ్మటను బూట్లను మందునీట కడిగింతురు.

ఈ శుద్ధి వట్టి మడి కాదు. పక్షులకు ప్రాణాంతకమగు ఫ్లూజ్వరము 2023 అక్టోబరులో దక్షిణజార్జియా ద్వీపమును, 2024 ఫిబ్రవరిలో అంటార్కిటికా ఖండమునే చేరినది. అందుచే ఒడ్డున కూర్చుండుటకును, మోకరిల్లుటకును, సంచిని నేలపై నుంచుటకును యాత్రికులకు ఓడలవారు అనుమతింపరు. పెన్‌గ్విన్‌పక్షులకు కనీసము 5 మీటర్ల దూరమున నిలువవలెను. ఒకచోట ఒకేసారి నూర్గురికంటె ఎక్కువమంది దిగరాదు.

వచ్చునపుడు గుర్తుగా ఱాయినిగాని ఈకనుగాని తేగూడదు. స్కాటు బృందము మరణించునపుడు సుమారు 16 కిలోల ఱాళ్లు వారి బండిపై నుండెను. వానిలో ప్రాచీనవృక్షముల ఆకుల అచ్చులు కలవు. అట్టి యాకుల అచ్చులే మన గోదావరీలోయ బొగ్గుపొరలయందును దొరకుచున్నవి. ఆ ఖండమును మన నేలయు ఒకప్పుడు కలిసియుండెననుటకు అవి సాక్ష్యములు. వారు శాస్త్రమునకై తెచ్చిరి, మనము ముచ్చటకై తేరాదు. ఒకనాటి తోబుట్టువు ఇంటికి చూడబోయినపుడు కాలిధూళిని వెలుపల కడిగికొని పోవుట, వాకిటిలోని వస్తువును ముట్టక వచ్చుట మన యిండ్లలో తల్లులు పిల్లలకు నేర్పు మర్యాదయే కదా. ఆ మర్యాదను మీ పెట్టెలో మొదట సర్దుకొందురుగాక.