గోయి, నుయ్యి, బోరు

చంపాపేట్ ప్రాంతమున ఇల్లు కట్టదలచిన వారికి నేలతో మూడు పనులు పడును: పునాదికి గోతులు, నీటికి బోరు, వాననీటికి ఇంకుడు గుంత. వీనిలో గోతిని, గుంతను త్రవ్వుదురు; బోరును మాత్రము వేయుదురు. ఈ క్రియాభేదమును గూర్చియే మేము శ్రోతలకు కొంత విన్నవింపదలచితిమి.

సంస్కృతమున ఖననమనగా త్రవ్వుట. తెలుగు వాడుకలో అది శవమును పూడ్చుటకే స్థిరపడినది. కావుననే పురావస్తు పరిశోధకులు తమ పనిని ఖననమనక, తవ్వకములనియో ఉత్ఖననమనియో అందురు. ఖని శబ్దమే గని యైనది. అందు పుట్టునది ఖనిజము.

మన పల్లెవారు ప్రయోజనమును బట్టి పేరిడిరి. ఏటియిసుకలో చేతితో తోడుకొన్నది చెలమ. నెల్లూరు సీమ ఇసుక నేలలలో దొరువు. ధాన్యము దాచునది పాతర. కోట చుట్టు అగడ్త. చెట్టు మొదట పాదు. ఎద్దులచే నీరు తోడించునది మోటబావి, మెట్లు గలది దిగుడుబావి. చెత్తతో పూడిపోయిన బన్సీలాల్‌పేట మెట్లబావిని బాగుచేసి 2022లో తెరచిరి. నేడును అందు దిగి చూడవచ్చును. త్రవ్వినవాడు దిగి, మరల ఎక్కి రాగలుగుటయే బావి లక్షణమని మా యభిప్రాయము.

హైదరాబాదు నేల క్రింద నల్లరాయి గలదు. పైనున్న మొరములోను, రాతి పగుళ్లలోను మాత్రమే నీరు నిలుచును. మొరములోని నీరు తరిగినకొలది బావులెండినవి. పగుళ్లను వెదకుచు బోర్లు వందల అడుగులు దిగినవి. వాని వెడల్పు సాధారణముగా ఆరున్నర అంగుళములు. పెద్దవాడు దిగలేడు, పసిబిడ్డ పడగలడు. 2017 జూన్‌లో చేవెళ్ల మండలమున ఒక బిడ్డ అట్లే మరణించెను. అట్టి వేళల రక్షింపవచ్చినవారు తరచుగా ప్రక్కనే మరొక గోయి త్రవ్వవలసివచ్చును. రాయి తగిలినచో గంటలు గడచును.

విడిచిన బోరును అడుగునుండి నేలమట్టము వరకు మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చవలెనని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించెను. వాడుకలో నున్న బోరునకు ఇనుపరేకు అతికింపవలెను, లేదా మరలతో బిగించు మూత యుండవలెను. ఉత్త గోనెసంచి మూత కాదు. నీరు పడనిచోట పలువురు కేసింగు గొట్టమును పెరికి వేరొకచోట వాడుకొందురు. నేలపైకి కనబడుచున్న ఆ గొట్టము పోయినంతనే బోరు నోరు నేలతో సమమగును. ఒక వాన కురిసినచో గడ్డి దానిని కప్పును.