ఆర్‌వీ క్యాంపింగ్: రూల్ బ్రేక్ చెయ్యకపోయినా పక్క సైట్ వాళ్లకి కోపం ఎందుకొస్తుంది? | ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్

పోయిన ఎపిసోడ్‌లో అమెరికాలో ఆర్‌వీ రెంట్‌కి తీసుకోవడం గురించి మాట్లాడుకున్నాం కదా. దాని కింద రేట్లు, లైసెన్స్ గురించి అడుగుతారనుకున్నా. కానీ ఎక్కువ వచ్చిన ప్రశ్న వేరే. "బ్రో, మేం పది దాకా కూడా మాట్లాడలేదు, తొమ్మిదిన్నరకే పక్కాయన వచ్చి కంప్లైంట్ చేస్తా అన్నాడు. మేం చేసిన తప్పేంటి?" ఇంకొందరు సరిగ్గా దీనికి రివర్స్‌లో రాశారు. "ప్రశాంతంగా నిద్రపోదామని వెళ్తే పక్క సైట్‌లో జాతర పెట్టారు."

రెండు కామెంట్లూ నిజమే. ఈ రోజు దీన్నే విప్పి చూద్దాం.

ముందు, ఆర్‌వీ ఎక్కనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆర్‌వీ అంటే రిక్రియేషనల్ వెహికల్. చక్రాల మీద ఇల్లు. మంచం, స్టవ్, ఫ్రిజ్, బాత్రూం అన్నీ లోపలే. బస్సు సైజువి క్లాస్ ఏ, వ్యాన్ సైజువి క్లాస్ బీ, డ్రైవర్ క్యాబిన్ పైన కూడా ఒక మంచం ఉండేవి క్లాస్ సీ. ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్లేవి ట్రైలర్లు. వీటిని ఆపుకునే చోటే క్యాంప్‌గ్రౌండ్. ఒక్కో బండికి ఒక్కో సైట్. సైట్‌లో ఒక బల్ల, చాలాచోట్ల మంట వేసుకోడానికి ఇనప రింగు ఉంటాయి. కొన్నిచోట్ల కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు కూడా ఇస్తారు. వాటినే హుకప్స్ అంటారు. అన్నిచోట్లా ఉండవు. యోసెమిటీ పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో హుకప్స్ అసలు లేవు. యెల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కచోటే ఉన్నాయి.

ఒకే గ్రౌండ్, నాలుగు రకాల జనం

అసలు సమస్య ఇక్కడుంది. అదే రోడ్డు మీద పక్కపక్కనే నాలుగు రకాల మనుషులు ఉంటారు.

ఒకళ్లు అడవి కోసం వచ్చినవాళ్లు. వాళ్లకి చీకటి కావాలి, నిశ్శబ్దం కావాలి, నక్షత్రాలు కనపడాలి. రెండోవాళ్లు వీకెండ్ ఫ్యామిలీలు. పిల్లలు సైకిళ్లు తొక్కాలి, గ్రిల్ వెలగాలి, కేకలు ఉండాలి. మూడోవాళ్లు ఫుల్‌టైమర్లు. వాళ్లకి ఇల్లు అంటే ఆ ఆర్‌వీయే. సోమవారం పొద్దున్నే అందులోంచే ఆఫీస్ మీటింగ్‌లో కూర్చోవాలి. నాలుగోవాళ్లు రిటైరైన పెద్దవాళ్లు. చలికాలం అంతా అరిజోనా, టెక్సస్, ఫ్లోరిడా లాంటి వెచ్చని చోట్ల నెలలు నెలలు ఉంటారు. వీళ్లని స్నోబర్డ్స్ అంటారు. వీళ్లలో చాలామందికి రాత్రి తొమ్మిదంటే అర్ధరాత్రే.

నలుగురూ డబ్బులు కట్టారు. నలుగురికీ ఆ స్థలం మీద హక్కుంది. కానీ ఒకరికి అది గుడి, ఒకరికి పార్కు, ఒకరికి ఇల్లు, ఒకరికి వృద్ధాప్యంలో విశ్రాంతి. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఒక్కొక్కరి డిఫాల్ట్ సెట్టింగ్స్ వేరు. ఎవరూ తమ సెట్టింగ్స్ బయటికి చెప్పరు, అవతలివాళ్లకి తెలిసే ఉంటాయనుకుంటారు.

దీనికి తోడు కోవిడ్ టైంలో చాలామంది కొత్తగా ఇందులోకి వచ్చారు. విమానాలు, హోటళ్లు వద్దనుకున్నవాళ్లు ఆర్‌వీలు కొన్నారు. 2021లో తయారీదారులు షిప్ చేసిన ఆర్‌వీలు 6 లక్షలు దాటాయి, అది రికార్డు. ఇరవై ఏళ్ల నుంచి వెళ్తున్నవాళ్లకి నోటితో చెప్పక్కర్లేని అలవాట్లు, కొత్తవాళ్లకి ఎవరూ నేర్పలేదు. అంతే తేడా.

కనపడని ప్రహరీ గోడ

మన ఊళ్లో పక్కింటి వాకిట్లోంచి నడిచి వెళ్తే ఎవరూ ఏమనుకోరు. "ఏంట్రా, టీ తాగి వెళ్లు" అంటారు. క్యాంప్‌గ్రౌండ్‌లో మాత్రం ఇదే నంబర్ వన్ తప్పు. బాత్రూంకి దగ్గర దారి అని పక్కవాళ్ల సైట్ మధ్యలోంచి నడవకూడదు. గోడ ఉండదు, గేటు ఉండదు, కానీ ఆ రాత్రికి అది వాళ్ల ఇల్లే. పిల్లలకి ముందే చెప్పాలి, ఎందుకంటే బంతి దొర్లిందంటే వాళ్లకి బోర్డర్లు గుర్తుండవు.

ఇంకో విషయం చాలామంది గమనించరు. అమెరికన్ ఆర్‌వీల్లో తలుపు, నీడకి వేసే ఆనింగ్ సాధారణంగా కుడివైపు ఉంటాయి. డ్రైనేజీ, కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఎడమవైపు, అంటే డ్రైవర్ వైపు. వరసగా ఆపితే ఏమవుతుంది? మీరు కుర్చీలు వేసుకుని అన్నం తినే చోటు పక్కాయన డ్రైనేజీ పైపుకి ఎదురుగా ఉంటుంది. మీ పైపు ఇంకొకళ్ల భోజనాల బల్ల పక్కన ఉంటుంది. అందుకే పక్కవాళ్లు తింటున్నప్పుడు ట్యాంక్ ఖాళీ చెయ్యకూడదు. రాసి ఉన్న రూల్ కాదు, కానీ ఎవరి కడుపు వాళ్లకి చెప్తుంది.

సౌండ్: పది గంటల రూల్‌లో ఉన్న తిరకాసు

చాలా క్యాంప్‌గ్రౌండ్లలో రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా క్వైట్ అవర్స్. నేషనల్ పార్కుల్లో ఇది ఫెడరల్ రూల్. "అయితే తొమ్మిదిన్నరకి స్పీకర్ పెట్టుకోవచ్చు కదా?" అనేదే మన కామెంట్ బ్రో ప్రశ్న. అదే తిరకాసు. నేషనల్ పార్కుల రూల్‌లో ఇంకో లైన్ ఉంది. జనరేటర్ గానీ, మ్యూజిక్ గానీ 50 అడుగుల దూరంలో 60 డెసిబెల్స్ దాటకూడదు. 60 అంటే ఎదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకునేంత. అంతకంటే తక్కువ ఉన్నా, ఆ చోటికి, ఆ టైంకి అది అతి అనిపిస్తే తప్పే. ఇది రోజులో ఏ టైంకైనా వర్తిస్తుంది. సో, పదింటి దాకా ఏదైనా చెయ్యొచ్చు అనేది అపోహ. నా లెక్క సింపుల్: మీ పాట మీ సైట్ అంచు దగ్గర నిలబడితే వినపడకూడదు.

మనవాళ్లకి స్పెషల్‌గా ఒకటుంది. ఎండాకాలంలో కాలిఫోర్నియాలో రాత్రి 10 అయితే మన దగ్గర పొద్దున 10:30. సరిగ్గా అమ్మ వీడియో కాల్ చేసే టైం. స్పీకర్ ఆన్, అవతల మిక్సీ సౌండ్, ఇవతల "వినపడుతోందా అమ్మా?" అని అరుపులు. బండి లోపలికి వెళ్లి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మాట్లాడండి. అమ్మకీ బాగా వినపడుతుంది.

జనరేటర్ సంగతి. హుకప్స్ లేనిచోట ఏసీ, ఇన్‌స్టంట్ పాట్ నడవాలంటే జనరేటర్ వెయ్యాలి. చాలా పార్కుల్లో దానికి పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు అని టైమింగ్స్ పెడతారు. వెళ్లేముందు మీ క్యాంప్‌గ్రౌండ్ పేజీలో చూసుకోండి. టైమింగ్స్ ఒక్కటే కాదు, పొగ ఎటు పోతోందో కూడా చూడాలి. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన ఉండదు, మనిషిని చంపగలదు. పక్కన టెంట్‌లో పడుకున్నవాళ్ల వైపు ఎగ్జాస్ట్ తిరిగి ఉంటే అది మర్యాద విషయం కాదు, ప్రాణాల విషయం.

ఇక్కడ రెండోవైపు కూడా చెప్పాలి. నిద్రలో శ్వాస ఆగే సమస్య ఉన్నవాళ్లు రాత్రి సీప్యాప్ మెషిన్ పెట్టుకుంటారు, దానికి కరెంటు కావాలి. సాయంత్రం జనరేటర్ వేసి బ్యాటరీ నింపుకునే ఆయన మీద విసుక్కునే ముందు ఇది గుర్తుంచుకోండి. ఆయన సరదాకి వెయ్యట్లేదేమో.

వెలుతురు, నీళ్లు, తాళింపు

ఆనింగ్ కింద కలర్ ఎల్ఈడీలు రీల్స్‌లో బావుంటాయి. పడుకునేటప్పుడు ఆపెయ్యండి. పక్కవాళ్ల కిటికీలో రాత్రంతా నీలం రంగు వెలుగుతుంటే వాళ్లకి నిద్ర ఎలా పడుతుంది? లేట్‌గా చేరుకుంటే హెడ్‌లైట్లు తగ్గించి, మెల్లగా ఆపి, తలుపులు దబదబా వెయ్యకుండా పడుకోండి. మిగతా సెట్టింగ్ పొద్దున చేసుకోవచ్చు.

నీళ్ల దగ్గర మనవాళ్లు ఎక్కువ దొరికిపోతారు. అందరూ తాగునీళ్లు పట్టుకునే కుళాయి దగ్గర బిర్యానీ గిన్నె తోమకూడదు. నేషనల్ పార్కుల్లో అది రూల్‌కే విరుద్ధం. సింక్ నీళ్లు వెళ్లే గ్రే ట్యాంక్‌ని "సబ్బునీళ్లే కదా" అని నేల మీద వదలడం కూడా అంతే. డంప్ స్టేషన్‌లోనే వదలాలి. అక్కడ ముందు టాయిలెట్‌ది, అంటే బ్లాక్ ట్యాంక్ వదిలి, తర్వాత గ్రే ట్యాంక్ వదలండి. సబ్బునీళ్లు పైపుని కడిగేస్తాయి. తాగునీళ్ల కుళాయికి ఆ డ్రైనేజీ పైపు పొరపాటున కూడా తగలనివ్వద్దు. వెనక లైన్ ఉంటే పని చూసుకుని ముందుకి కదలండి, ఫోన్ తర్వాత చూసుకోవచ్చు.

వంట వాసన గురించి చాలామంది మొహమాటపడుతూ అడిగారు. తాళింపు వేసుకోవడం తప్పు కాదండి. అవతలాయన గ్రిల్ మీద మాంసం కాలుస్తున్నాడు, మనం ఇంగువ వేస్తున్నాం. రెండూ వంటలే. కానీ ఎలుగుబంట్లు ఉన్నచోట వాసన వేరే విషయం. యోసెమిటీలో సైట్‌కి ఒక ఇనప లాకర్ ఇస్తారు. ఆవకాయ, ఎండుచేపలు, టూత్‌పేస్ట్, కొబ్బరినూనె, అన్నీ ఎలుగుకి తిండే. గట్టి గోడలున్న ఆర్‌వీ అయితే లోపలే పెట్టుకుని, బయటికి వెళ్లేటప్పుడు కిటికీలు, తలుపులు మూసెయ్యాలి. బల్ల మీద వదిలేస్తే నష్టం మీకే కాదు. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగు భయం లేకుండా జనం మీదకొస్తుంది. అలాంటివాటిని కొన్నిసార్లు చంపెయ్యాల్సి వస్తుంది. వదిలేసిన పెరుగన్నానికి అది చాలా పెద్ద ధర.

కట్టెలు కూడా ఇంటి నుంచి తీసుకెళ్లకండి, అక్కడే కొనండి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు 2002లో మిషిగన్‌లో బయటపడింది. కట్టెలతో పాటు ఊళ్లు మారుతూ కోట్ల కొద్దీ యాష్ చెట్లని చంపేసింది.

"వాళ్లు మనల్నే ఎందుకంటున్నారు?"

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. "మేం ఇండియన్స్ అని కావాలనే అంటున్నారా?" అని కొందరు రాశారు. ఒక్కోసారి అవును, అలాంటివాళ్లు ఉంటారు. లేరని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. కానీ ప్రతి గొడవా అది కాదు. నేను మూడు ప్రశ్నలు వేసుకుంటాను.

ఒకటి, ఇది రాసి ఉన్న రూలా? యోసెమిటీలో సైట్‌కి పిల్లలతో కలిపి 6 మందే. నాలుగు ఫ్యామిలీలు ఒక బల్ల చుట్టూ చేరి రాత్రి దాకా ఉంటే, రేంజర్ వచ్చి అడగడంలో వివక్ష లేదు. గ్రూప్ పెద్దదైతే గ్రూప్ సైట్ బుక్ చేసుకోవాలి.

రెండు, రూల్ కాకపోతే, ఆయన నిద్రకో, ఆరోగ్యానికో నిజంగా ఇబ్బంది అవుతోందా? అయితే పది నిమిషాల ముందు ఆపేస్తే మనకి పోయేదేం లేదు.

మూడు, ఇదే పని ఇంకో సైట్ వాళ్లు చేస్తే ఊరుకుని మనల్ని మాత్రమే అంటున్నాడా? మాటలో మన రంగు, మన దేశం వస్తున్నాయా? అలాగైతే సర్దుకుపోనక్కర్లేదు. అలాగని అక్కడే నిలబడి వాదించకండి. చీకట్లో, తెలియని మనిషితో గొడవ క్షేమం కాదు. చాలాచోట్ల క్యాంప్ హోస్ట్ అని ఒక వాలంటీర్ అక్కడే తన ఆర్‌వీలో ఉంటారు. ఆయనకో, రేంజర్‌కో, ఆఫీస్‌కో సైట్ నంబర్, టైం చెప్పి అప్పజెప్పండి.

పక్కవాళ్ల వల్ల మనకి ఇబ్బందైనా ఇదే పద్ధతి. ఒకసారి నవ్వుతూ, "పాప పడుకుంది, కొంచెం సౌండ్ తగ్గిస్తారా" అని అడగండి. చాలామంది తగ్గిస్తారు, వాళ్లకి అంత దూరం వినపడుతోందని తెలిసి ఉండదు. వినకపోతే రెండోసారి మీరు వెళ్లద్దు, హోస్ట్‌ని పంపండి.

అన్నిటికంటే బాగా పనిచేసేది మాత్రం చాలా చిన్నది. సైట్‌కి చేరిన అరగంటలో రెండువైపులా ఉన్నవాళ్లకి హలో చెప్పండి. "మేం పిల్లలతో వచ్చాం, ఎక్కువ సౌండ్ అనిపిస్తే మొహమాటపడకుండా చెప్పండి" అనండి. అవతలివాళ్ల సెట్టింగ్స్ అడగడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. పేరు తెలిసిన మనిషి మీద కంప్లైంట్ చెయ్యడానికి ముందు ఎవరైనా ఒకసారి మాట్లాడదామనుకుంటారు.

ఇది అమెరికాకే కాదు. గండికోటలో టెంట్ వేసుకుని సూర్యోదయం చూద్దామని వెళ్లినవాళ్లని అడగండి, రాత్రి రెండింటికి పక్క గ్రూప్ స్పీకర్‌లో ఏ పాట వచ్చిందో కూడా చెప్తారు.

మీకు ఇలాంటి అనుభవం ఉంటే, మీరు ఏ వైపు ఉన్నా సరే, కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో 30 ఆంప్, 50 ఆంప్ కనెక్షన్ల తేడా, ఏసీ, ఇన్‌స్టంట్ పాట్ ఒకేసారి వేస్తే బ్రేకర్ ఎందుకు పడిపోతుందో లెక్కలతో చూద్దాం. ఉంటానండీ, బై.