ఉప్పాడ జరీ నుంచి సెన్సార్ దారం దాకా: నూలు పోగు మీద వెండి ఎలా పెరుగుతుంది?

స్మార్ట్‌వాచ్‌లో సెన్సార్ అంటే గట్టి చిప్పే. మరి చొక్కా దారమే సెన్సార్ అయితే? ల్యాబుల్లో ఇప్పుడు నడుస్తున్న పని ఇదే. మా ద్రాక్షారామం వైపు వాళ్లకి దీన్ని చెప్పడం తేలిక, ఎందుకంటే ఉప్పాడ చీరల జరీ అందరికీ తెలుసు.

అసలైన జరీలో చదును చేసిన సన్నటి వెండి తీగని పట్టు పోగు చుట్టూ చుడతారు. లోహం వేరు, పోగు వేరు. సెన్సార్ దారంలో మాత్రం లోహం పోగు మీదే పుట్టి పెరుగుతుంది.

ముందు కోటింగ్ ఎందుకు?

నూలు అంటే దాదాపు అంతా సెల్యులోజే. వెండి దాన్ని గట్టిగా పట్టుకోదు, రుద్దితే రాలిపోతుంది. 2007లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ టీమ్ దీనికి పనికొచ్చే దారి చూపించింది. సముద్రపు రాళ్లకి అతుక్కునే ఆల్చిప్పల జిగురే వాళ్లకి ఐడియా. డోపమిన్ కలిపిన, పీహెచ్ 8.5 ఉన్న ద్రావణంలో వస్తువుని నానబెడితే పాలీడోపమిన్ అనే పల్చటి పొర పడుతుంది.

తర్వాత సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచితే ఆ పొరే వెండి అయాన్లకి ఎలక్ట్రాన్లు ఇస్తుంది, నానో సైజు వెండి గింజలు మొలుస్తాయి. అమ్మోనియా, గ్లూకోజ్ కూడా వాడితే అవి పెరిగి ఒకదాన్నొకటి తాకుతాయి. ఇంటర్ కెమిస్ట్రీలో టోలెన్స్ టెస్ట్ గుర్తుందా? గాజు గొట్టంలో వెండి అద్దం వచ్చేది ఈ రియాక్షన్‌తోనే.

సెన్సార్ ఎలా అవుతుంది?

దారం సాగితే గింజల మధ్య సందులు పెరిగి రెసిస్టెన్స్ పెరుగుతుంది. వదిలితే తగ్గుతుంది. ఈ తేడాని చదివి వేలు వంగిందో, ఊపిరి తీశామో చెప్పొచ్చు.

అసలు పరీక్ష ఉతుకే

వెండి పట్టీలు నల్లబడటం చూశాం కదా, గాలిలోని గంధకం పని అది. దారం మీద వెండికీ ఆ బెడద తప్పదు. పైగా చెమట, సబ్బు. గింజలు రాలితే రీడింగ్ తప్పుతుంది; ఊపిరిని కొలిచే బట్టలో అది చిన్న విషయం కాదు. వాహక దారంతో 2017లో వచ్చిన గూగుల్, లీవైస్ జాకెట్ ధర 350 డాలర్లు, కంపెనీ మాటిచ్చింది సుమారు 10 ఉతుకులకే.

అందుకే రేపు ఎవరైనా స్మార్ట్ బనియన్ అమ్మితే యాప్ ఫీచర్లు తర్వాత చూడండి. ఎన్ని ఉతుకులు, ఉతికాక రీడింగ్ ఎంత మారింది, ఈ రెండు నంబర్లు అడగండి. అవి చెప్పకపోతే నేనైతే కొనను.